మైదానమెరిగిన వడ్రంగి తాతగారు



మొదటి కొరింథీయులకు 9వ అధ్యాయము 24 నుండి 27 వరకు గల వచనములను ముందు చదివి, తరువాత ఈ మాటలు చదువవలెనని మనవి. పందెములో పరుగెత్తువారిని గూర్చి పౌలు అక్కడ వ్రాశాడు. ఊరకే వ్రాయలేదు. కొరింథుకు సమీపమున ఇస్త్మియా అనుచోట రెండేండ్లకొకసారి గొప్ప ఆటల పోటీలు జరిగేవి. గెలిచినవాని తలమీద ఆకులతో అల్లిన కిరీటము పెట్టేవారు. నాలుగు దినములలో అది వాడిపోయేది. ఆ కొరింథులోనే పౌలు డేరాలు కుట్టి బ్రతికాడు. అతనిని చేర్చుకొనిన అకుల, ప్రిస్కిల్ల కూడ క్లౌదియ చక్రవర్తి ఆజ్ఞవలన రోమా విడిచి వచ్చిన వలసవారే (అపొ. కార్య. 18:1-3). చేతిపని, వలస బ్రతుకు, ఆటల ఊరు: కోలారు బంగారు గనుల దగ్గర స్థిరపడిన మాకు ఈ మూడూ తెలిసినవే.

ఈమధ్య తొంభైయవ యేట ప్రభువునందు నిద్రించిన మా వడ్రంగి తాతగారిని తలచినప్పుడెల్ల నాకు ఆ వాక్యభాగమే గుర్తుకు వస్తున్నది. జ్ఞాపకార్థ కూడికలో ఆయన చేసిన బల్లల గురించి, కూలి పుచ్చుకొనకుండ చేసియిచ్చిన సమాధి పెట్టెల గురించి చాలమంది సాక్ష్యమిచ్చారు. హాకీ మాట మాత్రము ఎవరూ ఎత్తలేదు. గుడిలో ఆట ముచ్చట ఏమి బాగుంటుందని కాబోలు. నాకైతే అది వెలితిగా తోచింది.

ఆయన తండ్రి చిత్తూరు వైపునుండి వచ్చి గనిలో దిగినవాడు. ఈయన గనుల వడ్రంగి షాపులో చేరారు. పని ముగిసిందంటే మైదానమే. విరిగిన హాకీ కర్రలకు జిగురు పట్టించి, దారము బిగించి చుట్టి, పిల్లలకు ఊరకే ఇచ్చేవారు. 1975 మార్చి 15న కౌలాలంపూరులో మనవారు పాకిస్తానును 2-1తో ఓడించి ప్రపంచ కప్పు గెలిచినప్పుడు రేడియో ముందు ఎంత కేకలు వేశారో గాని, మరునాడు ఆదివార ఆరాధనలో ప్రార్థనకు లేస్తే గొంతు రాలేదు! పెద్దలు ఒకరిద్దరు ముఖము చిట్లించారు. పాస్టరుగారు నవ్వారు.

ఒకసారి ఆయన కొట్టిన గోలుకు అంపైరు ఈల వేశాడు. ఈయన వెళ్లి, "బంతి నా కాలికి తగిలిందయ్యా" అన్నారు. గోలు పోయింది, ఆటా పోయింది. జట్టువారు వారము దినములు ఆయనతో మాటలాడలేదు. మూలమట్టము పెట్టి చెక్క చూచే మనిషి. వంకర తనదైనా వంకరే. నియమము ప్రకారము పోరాడనివానికి కిరీటము లేదని పౌలు తిమోతికి వ్రాసినది (2 తిమోతి 2:5) నేను చూచిన రోజు అదే.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. వేలాది కుటుంబములకు జీతము ఆగిపోయింది. అప్పటికి తాతగారు రిటైరై, మోకాళ్లు అరిగి, స్టూలు వేసుకొని గట్టుమీద కూర్చునేవారు. ఆట చూస్తున్నారనుకునేవారము. ఆయన లెక్కపెట్టేది రాని పిల్లలను! "ఫలానా వాడు మూడు రోజులైంది కనబడి" అని కర్ర ఊతముగా ఆ ఇంటికి నడిచేవారు. పొయ్యి వెలగని ఇండ్లు మా సంఘ పెద్దలకంటె ముందు ఆయనకే తెలిసేవి. అభిమానము గల తండ్రి గుడికి వచ్చి చేయి చాపడు. పస్తున్న పిల్లవాడు పరుగెత్తడానికీ రాడు. తాతగారు అర్ధబస్తా బియ్యము పంపి, "హాకీ కర్ర బాగుచేసినాను, వచ్చి తీసుకోరా" అని మాత్రమే కబురు పెట్టేవారు. అలా వచ్చినవారిలో నలుగురు నేడు రోజూ రైలెక్కి బెంగుళూరు పనికి పోతూ, ఆదివారము తప్పక ఆరాధనలో ఉంటున్నారు.

ఆ స్టూలు ఇప్పుడు గుడి వరండాలో ఉన్నది. మైదానములో పిల్లలు సాయంత్రము నాలుగున్నరకు చేరుతున్నారు. యౌవనస్థుల సహవాసమునుండి వారమునకు ఇద్దరు చొప్పున అక్కడికి వెళ్లుటకు అంగీకరించారు. పెద్దవారిలోనూ వెళ్లగలవారు తమ పేర్లు కార్యదర్శిగారికి ఇవ్వగలరు.