సముద్రపు టొడ్డున రెండు గుంటలు

ధ్యానమునకు: యెహెజ్కేలు 47:10; అపొస్తలుల కార్యములు 10:6



లింగాల ఘనపూర్ పొలములలో నిలిచి ఏ దిక్కునకు చూచినను సముద్రము కనబడదు. ఎఱ్ఱనేల, తాటిచెట్లు, చెరువు కట్ట, పత్తి చేలు, ఇవియే మన కన్నులు ఎరిగినవి. వర్షము వచ్చిన యేడు చెరువు నిండును. రాని యేడు బావి అడుగున రాయి కనబడును. దేవాదుల ఎత్తిపోతల వలన గోదావరి నీరు మన జనగామ ప్రాంతపు చెరువులలోనికి వచ్చుట మొదలైన తరువాత కొంత ఊరట కలిగినది. అయినను నీటికొరకు ఎదురుచూచుట మన తాతల నాటినుండి మనకు అలవాటైన పని. అట్టి మనకు, అంతులేని నీటి యెదుట కూర్చుండి శేషదినములు గడుపవలెనను ఆశ పుట్టిన యెడల ఆశ్చర్యమేమున్నది?

గత మాసములో ఉద్యోగ విరమణ పొందిన ఒక సహోదరుడు ఆరాధన ముగిసిన తరువాత మమ్మును ప్రక్కకు పిలిచి, తన సెల్ ఫోనులో ఒక రంగుల పటము చూపించెను. విశాఖపట్టణము దాటి భీమునిపట్టణమునకు పోవు తీరపు దారిలో ఇంటి స్థలములు అమ్మకమునకున్నవట. “అయ్యగారూ, ఊర్లె ఉన్న రెండెకరాలు అమ్మి భీమిలిల జాగ కొందామనుకుంటున్నం. అది పాపమైతదా?” అని ఆయన అడిగెను.

మేము వెంటనే జవాబు చెప్పలేకపోతిమి. ఏలయనగా ఆ ఆశ మాకును తెలిసినదే. ఆ జవాబును ఈ నెల అందరి యెదుటను ఉంచుచున్నాము.

మొదట ఒక సంగతి స్పష్టముగా చెప్పవలెను. సముద్రతీరమున నివసింపగోరుట పాపము కాదు. మన ప్రభువు నజరేతును విడిచి, నీటి యొడ్డుననున్న కపెర్నహూమునకు వచ్చి కాపురముండెనని మత్తయి నాలుగవ అధ్యాయములో చదువుచున్నాము. ఆయన దోనెలో కూర్చుండి ఒడ్డుననున్న జనులకు బోధించెను. తీరమున నడచుచు మనుష్యులను పేరుపెట్టి పిలిచెను. సముద్రమును చేసి అది మంచిదని చూచిన దేవుడు, దానిని చూచి సంతోషించు మనస్సును మనకు ఇచ్చియున్నాడు. ఈ ఆశను నిందించువాడు సృష్టికర్తనే నిందించినవాడగును.

రెండవది, కొనుటలో వివేకము కావలెను. అమ్మువాడు చెప్పని కొన్ని సంగతులు కొనువాడు తెలిసికొనవలెను. రెండు వందల గజములనగా మన లెక్కలో రెండు గుంటలకు తక్కువ. గుంటకు 121 గజములు, ఎకరమునకు 4,840 గజములు గదా. తీరమునందలి నేలను గూర్చి కేంద్ర ప్రభుత్వము 1991లోను, 2011లోను, 2019లోను నియమములు ప్రకటించినది. పోటు నీరు చేరు గీతనుండి లోపలికి 500 మీటర్ల వరకు సాధారణముగా ఆ నియమములు వర్తించును. గ్రామీణ తీరములలో జనసాంద్రతను బట్టి మొదటి 50 మీటర్లలోనో, 200 మీటర్లలోనో సామాన్యముగా క్రొత్త యిండ్లు కట్టుటకు వీలులేదు. కావున పటములో సముద్రమునకు ఎంత దగ్గరనున్న స్థలమో, దానిని గూర్చి అంత విచారణ చేయవలెను. ఉప్పుగాలికి ఇనుము త్వరగా త్రుప్పుపట్టును. బోర్లు ఎక్కువై మంచినీరు ఎక్కువగా తోడబడిన చోట ఉప్పునీరు లోపలికి వచ్చును.

గాలివానల సంగతి వేరుగా చెప్పనేల? 1864 నవంబరు 1వ తేదిని మచిలీపట్టణము మీదికి వచ్చిన ఉప్పెనలో సుమారు 30,000 మంది నశించిరి. 1977 నవంబరు 19న దివిసీమలో వేలాదిమంది ఒక్క రాత్రిలో కొట్టుకొనిపోయిరి. 2014 అక్టోబరు 12, ఆదివారమునాడు, హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకి చెట్లను, స్తంభములను, పైకప్పులను పడవేసెను. కాకినాడ దగ్గరనున్న ఉప్పాడలో సముద్రము ఏటేట ఒడ్డును కోయుచు ఇండ్లను తనలోనికి తీసికొనుచునే యున్నది. మనుష్యుల మాటలును అట్టివే. విశాఖపట్టణమును ఆంధ్రప్రదేశ్ పరిపాలనా రాజధానిగా చేయుటకు 2020లో చట్టము వచ్చెను. 2021 నవంబరులో అది రద్దుచేయబడెను. రాజధాని వచ్చునను ఆశతో తొందరపడి కొనినవారు ఏమి నేర్చుకొనిరో వారినే అడుగవలెను.

ఇసుకమీద ఇల్లు కట్టినవాని ఉపమానమును ఇచ్చట ఎవరైనను జ్ఞాపకము చేయవచ్చును. కాని ప్రభువు ఆ ఉపమానమును పునాదులు త్రవ్వు మేస్త్రీలకు చెప్పలేదు. వాక్యమును విని దానిప్రకారము చేయువాడే బండమీద కట్టినవాడు. గట్టి కొండరాతిమీద, సరియైన పత్రములతో, ప్రభుత్వపు అనుమతితో కట్టినను, ఆ యిల్లు ప్రభువు దృష్టిలో ఇసుకమీదనే యుండవచ్చును. ఇది మాకు ఎట్లు తెలిసెనో చెప్పెదము.

కొన్ని సంవత్సరముల క్రితము విశాఖపట్టణములో ఒక వివాహమునకు వెళ్లి, మరునాడు భీమునిపట్టణమును చూడబోతిమి. అది పాత రేవు పట్టణము. ఒకప్పుడు అచ్చట డచ్చివారు వర్తకము చేసిరి. వారి సమాధులు నేటికిని ఉన్నవి. గోస్తనీ నది అచ్చట సముద్రములో కలియును. మేము ఇసుకమీద నిలిచి, చెప్పులు చేతపట్టుకొని, పిల్లలవలె సంతోషించితిమి. స్థలములమ్ము ఒకడు మా వెంట వచ్చి ఒక చోటు చూపించెను. ఆ చోటికి ఎదురుగా మత్స్యకారుల గుడిసెలు, ఇసుకమీదికి లాగిన పడవలు, ఆరవేసిన వలలు, ఎండుచేపలు ఉండెను. ఆ వాసనకు మేము ముక్కుకు రుమాలు అడ్డము పెట్టుకొంటిమి. ఆయన అది చూచి, “ఏం పర్లేదు సార్, రెండేళ్లలో ఇవన్నీ ఖాళీ అయిపోతాయి” అనెను.

ఆ మాటకు మా మనస్సు సంతోషించెను. ఇది మా ఒప్పుకోలు. ఎవరు ఖాళీ చేయుదురు, ఎక్కడికి పోవుదురు అని మేము అడుగలేదు. వలలు చేతపట్టిన స్త్రీలు మా ప్రక్కనే కూర్చుండి యుండగా మేము మనస్సులో స్థలమును కొలుచుకొనుచుంటిమి. ఆ స్థలము మేము కొనలేదు. భక్తిచేత మానుకొనలేదు, సొమ్ము చాలక మానుకొంటిమి.

ఇంటికి వచ్చిన కొన్నాళ్లకు యెహెజ్కేలు గ్రంథము నలువది యేడవ అధ్యాయము చదువుచుండగా పదియవ వచనమునొద్ద ఆగిపోతిమి. దేవాలయమునుండి పారిన నది చచ్చిన సముద్రమును బ్రదికించినప్పుడు ఆ తీరమున ప్రవక్త చూచినదేమి? మేడలు కావు. జాలరులు నిలిచియుండుటయు, వలలు ఆరవేయుటకు చోటుండుటయు చూచెను. దేవుడు లోకమును బాగుచేసిన దినమున సముద్రతీరము అందముగా ఉండును గాని, పనివారు లేక ఖాళీగా ఉండదు. అదే అధ్యాయము చివర, వారి మధ్య నివసించు పరదేశులకును స్వాస్థ్యములో పాలు ఇయ్యవలెనని ఆజ్ఞ ఉన్నది. క్రొత్తగా వచ్చువానికి చోటున్నది, ముందునుండి ఉన్నవాడు వెళ్లగొట్టబడడు. ఈ రెండును కలిసియున్న చోటే దేవుని రాజ్యపు తీరము.

తూర్పు తీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినములు, యంత్రపు పడవలతో వేటకు పోకూడదను నిషేధము కలదు. ఆ దినములలో మత్స్యకారులు పడవలు బాగుచేసికొనునది, వలలు కుట్టుకొనునది ఆ ఇసుకమీదనే. మనకు చల్లగాలి వచ్చు చోటు వారికి కల్లము. మన కల్లమునకు అడ్డముగా ఎవడైనను గోడ కట్టి, “ఇచ్చటినుండి పొలము చక్కగా కనబడుచున్నది” అనిన యెడల మనమేమందుము?

బైబిలులో సముద్రపు దరినున్న మరియొక యిల్లు కలదు. అది యొప్పే పట్టణములో చర్మకారుడైన సీమోను యిల్లు. ఆ పనివానిని ఆ కాలపు యూదులు అపవిత్రునిగా ఎంచిరి. ఆ యింటి వాసన మనకు తెలియనిది కాదు. పేతురు అచ్చట అనేక దినములు బసచేసెను. ఆ యింటి మిద్దెమీదనే ప్రభువు అతనికి దర్శనమిచ్చి, ఏ మనుష్యుని అపవిత్రునిగా ఎంచకూడదని నేర్పెను. కొర్నేలీ పంపిన అన్యజనులు వచ్చి నిలిచినది ఆ యింటి వాకిటనే.

ప్రియులారా, మన సంఘములలో అనేకుల పితరులు చర్మపు పని చేసినవారే. వారి యిండ్లు ఊరికి వెలుపల ఉంచబడెను. వారు దగ్గరకు వచ్చినప్పుడు ముక్కు మూసికొనినవారు కలరు. ఆ పితరుల వాకిటికి సువార్త వచ్చి, వారిని దేవుని యింటివారిగా చేసెను. వారి బిడ్డలమైన మేము, భీమునిపట్టణపు ఇసుకమీద, ఇతరుల కష్టపు వాసనకు ముక్కు మూసికొంటిమి. ఇంతకంటె త్వరగా మరచిపోవుట యెట్లు?

యెషయా అయిదవ అధ్యాయములో, ఇంటికి ఇంటిని, చేనికి చేనిని చేర్చుకొనుచు, ఇతరులకు చోటు లేకుండ చేయువారికి శ్రమ కలుగునని ప్రవక్త హెచ్చరించుచున్నాడు. ఆ శ్రమలో మొదటి భాగము ఏదనగా, వారు దేశములో ఒంటరిగా మిగులుట. ఏడాదిలో పది దినములు తెరచి, మిగిలిన దినములు తాళము వేసియుంచు యిల్లు ఎంత ఖరీదైనను ఆ ఒంటరితనమునకు గురుతు. కపెర్నహూములో పేతురు ఇంటి సంగతి వేరు. సాయంకాలమైనప్పుడు పట్టణమంతయు ఆ వాకిట కూడెను. ప్రభువు సముద్రతీరమును కోరినది కనులపండువు కొరకు మాత్రమే కాదు, అచ్చటనున్న జాలరుల కొరకు.

నేలను కొనుట విషయములో మరియొక మాట. ఒక చోట కొనుటకు మరియొక చోట అమ్మవలెను. ఆ సహోదరుని మేము తిరిగి కలిసినప్పుడు, “మీ రెండెకరాలు ఇప్పుడు ఎవరు చేస్తున్నరు?” అని అడిగితిమి. ఆయన కొంచెము సేపు ఊరకుండి, “మా చిన్నాయిన కోడలు కౌలుకు చేస్తున్నది. ఆమె పెనిమిటి లేడు” అనెను. “అమ్ముతున్నట్టు ఆమెకు చెప్పిండ్రా?” అనగా ఆయన తల వంచుకొనెను. భూమి యెహోవాదనియు మనము ఆయనయొద్ద అతిథులవంటి వారమనియు లేవీయకాండము ఇరువదియైదవ అధ్యాయము బోధించుచున్నది. అతిథి మంచము మార్చుకొనవచ్చును గాని, అదే గదిలోనున్న మరియొక అతిథిని మేల్కొలుపక మంచము అమ్మివేయరాదు.

మన పొరుగున మహబూబాబాద్ జిల్లాలోనున్న డోర్నకల్లును తలంచుడి. బిషప్ అజరయ్యగారు దక్షిణమున సముద్రమునకు సమీపమైన తిరునెల్వేలి సీమలో పుట్టి, ఎవరును కోరని ఈ ఎండనేలకు వచ్చిరి. 1912లో బిషప్పుగా అభిషేకము పొంది, 1945లో కన్నుమూయువరకు ఇచ్చటి బీదలతోనే కాపురముండి, డోర్నకల్లులోనే సమాధి చేయబడిరి. అందరును అట్లే చేయవలెనని మేము చెప్పము. అయితే మనుష్యుడు నివాసమును ఎన్నుకొనుటకు గాలి, ధర, అందము గాక వేరొక కారణము కూడ ఉండవచ్చునని ఆయన బ్రతుకు మనకు చూపుచున్నది.

కాబట్టి ఆ సహోదరునికి మేము చెప్పిన జవాబు ఇది. కొనుట పాపము కాదు. అయితే ముందు మూడు ప్రశ్నలు అడుగుడి. నేను వచ్చుటవలన అచ్చట ఎవరు పోవలసి వచ్చును? నేను అమ్ముటవలన ఇచ్చట ఎవరు ఆధారము కోల్పోవుదురు? నేను కట్టబోవు ఇంటి తలుపు పొరుగువాడు తట్టగల తలుపేనా? ఈ మూడింటికి దేవుని యెదుట జవాబు చెప్పగలవాడు సంతోషముగా వెళ్లవచ్చును. అచ్చటి సంఘములో చేరి, అచ్చటి జాలరులను పేరుపెట్టి పిలుచుచు, తుపానునాడు తన మిద్దెయింటిని వారికి తెరచి జీవింపవచ్చును. అట్టివాని యిల్లు సీమోను యింటి వంటిదగును. జవాబు చెప్పలేనివాడు కాజీపేటలో రాత్రి బండి ఎక్కి, తెల్లవారి సముద్రమును చూచి, దేవుని స్తుతించి తిరిగి రావచ్చును. దానికి పత్రము అక్కరలేదు.

ఆ సహోదరుడు ఇంకను నిర్ణయించుకొనలేదు. ముందుగా ఆ విధవరాలితో మాటలాడుటకు వెళ్లెదనని చెప్పెను. ఆయన కొరకును, ఆమె కొరకును, ముఖములు తప్ప పేర్లు మాకు తెలియని ఆ భీమునిపట్టణపు స్త్రీల కొరకును ఈ నెల కుటుంబ ప్రార్థనలలో ప్రార్థించుడి. మా కొరకును ప్రార్థించుడి. ఆమేన్.