మాట ఎవరికి ఇచ్చినట్టు?

మా అబ్బ పెట్టెలో రెండు పాస్‌బుక్కులున్నాయి. పాతదాని మీద రాయలసీమ గ్రామీణ బ్యాంకు అని ఉంటుంది, రెండోదాని మీద ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు. ఇప్పుడా రెండు పేర్లూ లేవు. 2025 మే 1న రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులు కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. కడపలో ఉండిన హెడ్డాఫీసు పోయి అమరావతి వచ్చింది. డిపాజిట్లు, అప్పులు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. పేరు మారినంత మాత్రాన ఎవరూ ఎవరికీ కొత్తగా మాట ఇవ్వక్కర్లేదు, చట్టం ప్రకారం.

ఆ పుస్తకాలు చూసినప్పుడల్లా నాకొకటే ప్రశ్న. అప్పు తీసుకునేటప్పుడు మనం మాట ఇచ్చేది ఎవరికి?

మాది పులివెందుల దగ్గర పల్లె. నాలుగెకరాల మెట్ట, శెనక్కాయ పంట. 2007 చివర్లో అబ్బ పంట లోను గడువు దాటింది. సంక్రాంతి పోయిన వారానికి పాడి ఎనుమును అమ్మి కట్టేశాడు. ఫిబ్రవరి 29న కేంద్ర బడ్జెట్‌లో రుణమాఫీ ప్రకటించారు. ఐదెకరాల లోపు రైతుకు, డిసెంబరు 31కి గడువు మీరి అప్పటిదాకా కట్టని అప్పు మొత్తం రద్దు. ఊళ్ళో నవ్వారు. "ఇంగో నెలన్నర ఓర్చుకోనుంటే సరిపోయేది గదా" అన్నారు. అప్పుడు ఇంజనీరింగ్ చదువుతున్న నేనూ అదే అన్నాను, లెక్క తప్పిందబ్బా అని.

"లెక్కేందిరా. ఆయప్ప ఎండలో చేన్లోకొచ్చి చూసి లోను రాసిచ్చిపోయినాడు. కడతానని ఆయప్పకు చెప్పినా" అన్నాడు.

ఆ ఫీల్డ్ ఆఫీసరు బదిలీ అయిపోయి అప్పటికే రెండేళ్ళు. అంటే అక్కడ లేని మనిషికిచ్చిన మాటను అబ్బ ఇంకెవరి కౌంటర్లోనో చెల్లించాడు.

గ్రామీణ బ్యాంకుల ఆలోచన పుట్టిందే ఈ 'చేన్లోకి రావడం' మీద. పెద్ద బ్యాంకులకు పల్లె తెలియదు, సహకార సంఘాలకు బ్యాంకు పని సరిగా రాదు, రెండూ తెలిసినది ఒకటి కావాలని నరసింహం కమిటీ 1975లో చెప్పింది. ఆ ఏడాది గాంధీ జయంతి నాడు దేశంలో మొదటి ఐదు తెరిచారు. పెట్టుబడిలో కేంద్రానిది సగం, రాష్ట్రానిది 15 శాతం, స్పాన్సర్ బ్యాంకుది 35 శాతం. మరుసటి ఏడు సిండికేట్ బ్యాంకు స్పాన్సర్‌గా కడపలో రాయలసీమ గ్రామీణ బ్యాంకు వచ్చింది. 2006లో అనంతపురం, నెల్లూరు గ్రామీణ బ్యాంకులు దాంతో కలిసి ఆంధ్ర ప్రగతి అయ్యాయి.

ఇదంతా చెప్పి 'పాత రోజులే మంచివి' అనడం తేలిక. కానీ స్థానికుల్ని పెట్టుకుని జీతాలు తక్కువిస్తే ఖర్చు తగ్గుతుందన్నది కూడా ఆ మొదటి ఆలోచనలో భాగమే. పేదవాడికి సేవ చేసేవాడికి జీతం ఎందుకు తగ్గాలి? ఉద్యోగులు ఏళ్ళ తరబడి అడిగితే, 1990లో జస్టిస్ ఓబుల్‌రెడ్డి ట్రిబ్యునల్ వాణిజ్య బ్యాంకుల్లో ఉన్నవాళ్ళతో సమానంగా ఇవ్వాలంది. ఇంకోటి, తెలిసిన మొహం అందరికీ ఒకేలా తెలియదు. వడ్డీ వ్యాపారికి మనం బాగా తెలుసు, మన అవసరం ఇంకా బాగా తెలుసు. మా వైపు తెలిసినవాడంటే ఏ కులం, ఏ పార్టీ అన్నది కూడా తెలిసినవాడే. ఆ ఆఫీసరు మా చేన్లోకి వచ్చాడు. ఎవరి చేన్లోకి పోలేదో నేనెప్పుడూ అడగలేదు.

ఇప్పుడు నేను బెంగళూరులో రాసే ప్రోగ్రాం, అప్పు అడిగినవాడికి ఇవ్వొచ్చో లేదో సెకన్లలో చెబుతుంది. అది కులం అడగదు, పార్టీ అడగదు. ఆ మేరకు న్యాయమే. కానీ మా అబ్బను దాని ముందు నిలబెడితే గడువు దాటిన రోజులు కనబడతాయి. అమ్మేసిన ఎనుము కనబడదు.

ఆ ఏడు మాఫీ వర్తించక, అప్పు కట్టేసిన రైతులకు రాష్ట్ర ప్రభుత్వం ఐదు వేలు ప్రోత్సాహకం ఇచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి మా పులివెందుల ఎమ్మెల్యేనే. అబ్బ ఆ డబ్బు తీసుకున్నాడు గానీ, అది తన మాటకు కట్టిన వెల అనుకోలేదు. కట్టనివాళ్ళను మోసగాళ్ళనీ అనలేదు. బోరు ఎండినోడు ఏం కడతాడు అనేవాడు. మాట నిలబెట్టుకోవడం తన వరకు బాధ్యత, పక్కవాణ్ణి కొలిచే కొలబద్ద కాదు. నేను మెల్లగా అర్థం చేసుకున్నది ఇదే.

అయితే అబ్బది ఒక వైపు మాటే. అప్పిచ్చేవాడిది రెండో వైపు: ఎవరికి ఇస్తున్నాడో తెలుసుకోవాల్సిన బాధ్యత. ఖాతాలను ఒక పేరు కింద నుంచి ఇంకో పేరు కిందకు ఒక్క రోజులో మార్చవచ్చు. ఈ బాధ్యత అట్లా మారదు. పేరు ఏదైనా, హెడ్డాఫీసు ఎక్కడున్నా, ఎవరో ఒకరు మళ్ళీ చేన్లోకి రావాల్సిందే. నా ప్రోగ్రాంలో దానికి ఏ కాలమ్ పెట్టాలో నాకింకా తెలియలేదు.