అడుగున మిగిలిన రేణువు

1945 జూలై 16 తెల్లవారుజామున న్యూమెక్సికో ఎడారిలో తొలి అణుబాంబు పేలింది. ఆ వేడికి ఇసుక కరిగి పచ్చటి గాజుపెంకులయింది. ట్రినిటైట్ అంటారు దాన్ని. అందులో ఒక పెంకు ప్రయోగశాల బల్ల మీదికి చేరిందట. బాంబు గుట్టంతా దాని కడుపులోనే ఉంది. నోరు మాత్రం విప్పదు.

"వెండినే కరిగించాను, నువ్వెంత?" అంటూ నైట్రిక్ ఆమ్లం గంటల తరబడి మరిగింది. గాజు చెక్కుచెదరలేదు.

లిథియం మెటాబోరేట్ అనే ఉప్పు ఒక ముక్కను వెయ్యి డిగ్రీల మూసలోకి లాక్కుపోయింది. ముక్క కరిగింది. కానీ సీజియం కొంత ఆవిరైపోయింది. ఉన్న రవ్వంత ప్లుటోనియం అంత ఉప్పులో కలిసి చిక్కకుండా పోయింది.

అప్పుడు అమ్మోనియం బైఫ్లోరైడ్ అనే తెల్లటి ఉప్పు నెమ్మదిగా అంది: "అన్నా, నిన్ను బిగించి పట్టుకున్నది సిలికాన్, ఆక్సిజన్‌ల ముడి. అది విప్పడం ఫ్లోరిన్‌కు తెలుసు." 125 డిగ్రీల దగ్గర కరిగి, ఇంకాస్త వేడెక్కి పెంకును చుట్టేసింది. రోజులు పట్టే పని గంటల్లో తేలింది. ముడి వీడాక మిగిలినదాన్ని నైట్రిక్ ఆమ్లమే కరిగించింది.

"ఇక లెక్క రాసుకోండి" అన్నారందరూ.

అడుగు నుంచి ఒక జిర్కాన్ రేణువు పలికింది: "నన్నడగలేదే! నాలో ఉన్న యురేనియం బాంబుది కాదు, ఈ నేలది. నేల వాటా అంటూ మీరు తీసేసేదాంట్లో నాదీ ఉంది. ద్రావణంలోకే రాని నా వాటాను కూడా తీసేస్తే బాంబు వాటా తగ్గిపోదా?"

నీతి: త్వరపడాలి, కానీ అడుగు చూడకుండా తీర్పు చెప్పకూడదు.

త్వర ఎందుకంటే, బాంబు పేలినప్పుడు పుట్టే మాలిబ్డినం-99 66 గంటలకల్లా సగమైపోతుంది. ఆలస్యం చేసినకొద్దీ కొలవడానికి మిగిలేది తక్కువ. రేపెక్కడైనా ఎవరిదో తెలియని బాంబు పేలితే ఏ దేశం వైపు వేలు చూపాలన్నది ఇలాంటి ద్రావణం మీదే ఆధారపడవచ్చు. సగం కరిగిన రాయి చెప్పే సగం సాక్ష్యం, అసలు సాక్ష్యం లేకపోవడం కన్నా ప్రమాదమని నా నమ్మకం.

దారిలో పోయేదాన్ని లెక్కగట్టడానికి తెలిసిన పరిమాణంలో ట్రేసర్ ఐసోటోపు కలిపాం కదా అని ధీమా పడకూడదు. ద్రావణంలోకి వచ్చి దారిలో పోయినదాన్నే అది పట్టిస్తుంది. రేణువు దాటి బయటికే రానిదాన్ని పట్టించలేదు. వడపోతలో మిగిలిన పిసరును విడిగా చూసి, అవసరమైతే దాన్ని మళ్లీ మూసకెక్కించాల్సిందే.