పన్ను కట్టినవాడి మాట ఎవరు వినాలి?

ప్రభుత్వం ఎంతవరకు ఉండాలన్న తగువు అమెరికాలో రెండు శతాబ్దాలుగా నడుస్తూనే ఉంది. సౌదీలో బతుకుతున్న తెలుగువాళ్లకు ఆ తగువుతో పనేమిటని మా బాబాయ్‌ని అడిగాను. ఆయనది రాజోలు. ఎనభైలలో వచ్చి జుబేల్‌లో స్టోర్‌కీపర్‌గా కుదురుకున్నారు. కొడుకు డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. రెండు దేశాల సంగతులూ ఆ ఇంట్లో రోజూ నలుగుతుంటాయి.

“పనుంది రా. 1933 సంగతి చూడు. మార్చిలో రూజ్‌వెల్ట్ గద్దెనెక్కాడు. బ్యాంకులు మూతపడి, పనుల్లేక జనం అల్లాడుతున్నారు. పని చూపించడం, ముసలితనంలో ఆదుకోవడం కూడా మా బాధ్యతేనని సర్కారు అప్పుడు ఒప్పుకుంది. 1935లో సోషల్ సెక్యూరిటీ చట్టం తెచ్చింది. అదే 1933 మే నెలలో ఇక్కడ రాజు అబ్దుల్ అజీజ్ ఓ కాలిఫోర్నియా కంపెనీకి చమురు తవ్వుకునే హక్కు రాసిచ్చాడు. 1938లో దమ్మామ్ ఏడో నంబరు బావిలో చమురు పడింది. ఆ డబ్బుతో బడులు, ఆస్పత్రులు, రోడ్లు వచ్చాయి. రెండుచోట్లా సర్కారు పెద్దదైంది. అక్కడ జనం జేబులోంచి తీసి పెట్టింది, ఇక్కడ నేలలోంచి తీసి పెట్టింది.”

“ఎలా తీస్తేనేం బాబాయ్? జనానికి అందింది కదా?”

“అందింది, కాదనను. కానీ జేబులోంచి తీస్తే జేబుగలవాడు లెక్క అడుగుతాడు. మా మాట వినకుండా మా మీద పన్నేమిటనే కదా అమెరికావాళ్లు ఇంగ్లండు మీద తిరగబడ్డారు! రూజ్‌వెల్ట్ సర్కారును పెంచినా, 1981లో రీగన్ వచ్చి తగ్గిస్తానన్నా ఓటర్లకు జవాబు చెప్పుకోక తప్పలేదు.”

నేను ఊరుకోలేదు. “మరి మీవాడి సంగతేమిటి? హెచ్1బీ మీద ఉన్నాడు. ఆదాయపు పన్ను కడతాడు, సోషల్ సెక్యూరిటీకీ కడతాడు. ఓటు లేదు. పదేళ్లు కట్టకుండా తిరిగొచ్చేస్తే ఆ పింఛనూ రాదు. అక్కడ మాత్రం ఎవరు విన్నారు?”

బాబాయ్ కాసేపు మాట్లాడలేదు. “నిజమే, అన్యాయమే. అయినా ఓటు లేనివాడి మాట విన్న రోజులు కూడా అక్కడ ఉన్నాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో కొయ్య ఇళ్లలో లాండ్రీ నడపాలంటే పర్మిట్ కావాలన్నారు. చైనావాళ్లకు ఇవ్వలేదు, తెల్లవాళ్లలో దాదాపు అందరికీ ఇచ్చారు. యిక్ వో కేసులో ఆ లాండ్రీవాడు పౌరుడు కాకపోయినా రాజ్యాంగం వాడికీ వర్తిస్తుందని 1886లో సుప్రీంకోర్టు తేల్చింది. చైనా కూలీలు దేశంలోకి రాకూడదని చట్టం చేసిన నాలుగేళ్లకు ఆ తీర్పు వచ్చింది!”

“ఇక్కడ మనకు ఓటూ లేదు, అలాంటి తీర్పూ లేదు.”

“ఓటు లేదుగానీ, ఒకసారి మన మాట చెల్లింది. విదేశీయుల జీతాల మీద 1975లో ఎత్తేసిన పన్నును 1988 జనవరిలో మళ్లీ వేస్తామన్నారు. ఉద్యోగాలు మానేసి పోతామని గగ్గోలు లేచింది. కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు. పరాయి దేశంలో ఓటు లేనివాడికి చేతిలో ఉండేది అదొక్కటే రా, వెళ్లిపోగలగడం. వీడు పోతే నష్టమనుకున్నంతవరకే వాడి మాటకు విలువ.”

ఆయన చెప్పిన దాన్ని తర్వాతి కాలంతో సరిచూసుకున్నాను. చమురు ధర పడిపోయాక 2016లో విజన్ 2030 అనే సంస్కరణల ప్రణాళిక వచ్చింది. 2018లో 5 శాతం వ్యాట్ మొదలై, 2020 జులైలో 15కి చేరింది. పెరిగే ఖర్చు తట్టుకోవడానికి పౌరులకు ‘సిటిజన్ అకౌంట్’ కింద నెలనెలా డబ్బు వేస్తున్నారు. బకాలా కొట్లో పాల డబ్బా కొన్న మనవాడి బిల్లులోనూ ఆ 15 శాతం ఉంటుంది, ఖాతాలో మాత్రం ఏమీ పడదు. 2017 జులై నుంచి భార్యాపిల్లల మీద తలకు నెలకు 100 రియాళ్ల రుసుము వేసి, ఏటా 100 చొప్పున పెంచి 2020కి 400 చేశారు. భార్య, ఇద్దరు పిల్లలు ఉంటే ఏడాదికి 14,400 రియాళ్లు. 3 లక్షల రూపాయల పైమాటే. ఇకామా (నివాస అనుమతి) రెన్యువల్ అప్పుడు ముందే కట్టాలి. ఎన్నో తెలుగు కుటుంబాలు ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకుని వెళ్లిపోయాయి. మగవాళ్లు మళ్లీ బ్యాచిలర్ రూముల్లో చేరారు.

“వెళ్లిపోయారుగా బాబాయ్. ఈసారి ఎవరూ వెనక్కి తగ్గలేదే?”

“1988లో మానేస్తామన్నది వాళ్లకు కావలసిన ఇంజినీర్లు, డాక్టర్లు. ఇప్పుడు ఆ ఉద్యోగాలు తమ పిల్లలకే కావాలనుకుంటున్నారు. అది వాళ్ల హక్కు, తప్పుపట్టను. నా బాధ వెళ్లిపోవడానికి కూడా వీల్లేనివాళ్ల గురించి. 2021 మార్చి 14 నుంచి కంపెనీ కార్మికులు కఫీల్, అంటే యజమాని, అనుమతి లేకుండానే ఎగ్జిట్ రీఎంట్రీ వీసా తీసుకోవచ్చన్నారు, ఏడాది దాటితే కంపెనీ మారొచ్చన్నారు. మంచి పని. కానీ ఇంటిపనికొచ్చిన ఆడవాళ్లకు, ఇళ్లల్లో డ్రైవర్లకు అది వర్తించలేదు. మన కోనసీమ నుంచి, కడప నుంచి ఎక్కువమంది ఆడవాళ్లు వచ్చేది ఆ వీసాల మీదే.”

నాకు 1992 నాటి సౌదీ ప్రాథమిక చట్టం గుర్తొచ్చింది. జబ్బులో, ముసలితనంలో ఆదుకుంటామని 27వ అధికరణం చెప్పేది పౌరులకే. 36వ అధికరణం మాత్రం పౌరులతో పాటు ఈ నేల మీద నివసించే విదేశీయులందరికీ భద్రత ఇస్తానంటుంది. 2022 జనగణన ప్రకారం ఇక్కడి నూరు మందిలో 42 మంది విదేశీయులు. దేశం దాటడానికి యజమాని సెలవు కావలసిన మనిషికి భద్రత ఉందనగలమా? ఓటు ఇవ్వకపోవడం ఒక రాజ్యం ఇష్టం. వెళ్లిపోయే దారి మూసే హక్కు మాత్రం ఏ రాజ్యానికీ లేదు. ఇక్కడి చట్టం తానిచ్చిన ఆ భద్రత మాటమీదే నిలబడి ఇంటిపనివాళ్లకూ ఆ దారి తెరవాలి.

“ఇక్కడివాళ్లను అడగడం సరే,” అన్నారు బాబాయ్, “ఓటున్నచోట మనం ఏం చేశాం?”

2010 చట్ట సవరణతో విదేశాల్లోని భారతీయులు ఓటరుగా నమోదు కావచ్చు. కానీ సొంతూరి బూత్‌కు స్వయంగా వచ్చి వేయాలి. జుబేల్ కూలీకి అది అయ్యే పనేనా? పోస్టల్ ఓటు ఎప్పుడిస్తారో రాజోలులో, రాయచోటిలో, జగిత్యాలలో మీ గుమ్మంలోకి వచ్చిన ప్రతి అభ్యర్థినీ అడగండి.