ఊచల కిటికీ, రెండో గది
విన్సెంట్ వాన్ గో మతి చెడబట్టే అంత గొప్ప బొమ్మలు వేశాడని చాలామంది నమ్ముతారు. ఫ్రాన్స్‌లో సెయింట్ రెమీ ఊరి పక్కనున్న పాత మఠం ఆ నమ్మకానికి ఎదురు సాక్ష్యం. ఆయన వచ్చేనాటికే అది మానసిక చికిత్సాలయం. 1889 మే నుంచి ఏడాదిపాటు ఆయన అక్కడే ఉన్నాడు. జబ్బు తిరగబెట్టినప్పుడు రంగులు మింగాడు, వారాల తరబడి కుంచె పట్టలేకపోయాడు. సుమారు 150 చిత్రాల్లో ఎక్కువ భాగం పుట్టింది తెరిపిన పడ్డ రోజుల్లోనే.

మరి అక్కడే వేసిన ‘స్టారీ నైట్’ చిత్రంలో సుడులు తిరిగే ఆ ఆకాశం జబ్బు చూపించింది కాదా అంటారా? తెల్లవారకముందు పడకగది ఊచల కిటికీలోంచి చూసిన ఆకాశాన్ని, పగటిపూట కింది గదిలో గుర్తు తెచ్చుకుని వేశాడు. ఊచలు తీసేశాడు, కిటికీలోంచి కనబడని ఊరిని చేర్చాడు. ఇంత ఎంపిక చేసుకునే చెయ్యి తెలివిలో ఉన్న మనిషిదే. బొమ్మలకోసం ఆసుపత్రి విడిగా ఇచ్చిన ఆ గదికి, ఖర్చులు భరించిన తమ్ముడు థియోకు దక్కాల్సిన పేరును మనం ఇన్నాళ్లూ జబ్బుకు కట్టబెడుతున్నాం.