రెండు చుట్టలు

కీడైన పని ఒకటి మానక చేయుచున్న మనుష్యునికి, దానిని దెబ్బ తగులకుండ చేయు విధము చెప్పవచ్చునా? చెప్పినయెడల ఆ కీడులో మనమును పాలివారమగుదుమా? చెప్పక ఊరకుండినయెడల అతనికి తగిలిన దెబ్బలో మన పాలు లేదా? ఈ ప్రశ్న కొత్తది కాదు. సారాయి విషయములోను, పేకాట విషయములోను సంఘ పెద్దలు దీనిని ఎదుర్కొనుచునే వచ్చిరి. అయితే పట్టణములలో చదువుకొను కొందరు యువకుల చేతిలో ఇప్పుడొక లోహపు గొట్టము కనబడుచున్నది. అది ఈ పాత ప్రశ్నను మరల మన ముందు పెట్టుచున్నది గనుక, ప్రియులారా, ఈ నెల కొంచెము ఓపికతో దానిని గూర్చి ఆలోచింతము.

ద్రాక్షారామం పరిసరములలో చుట్ట అనగా ఏమో ఎవరికిని చెప్పనక్కరలేదు. కోటిపల్లి రేవులో నిలిచి చూచిన గౌతమి ఎంత వెడల్పో మీరెరుగుదురు. అటువంటి గోదావరి పాయల నడుమనున్న లంకలలో, వరద తీసిన తరువాత మిగిలిన ఒండ్రులో, లంక పొగాకు పండుచు వచ్చినది. ఘాటుకు పేరుపడిన ఆకు అది. చుట్టకే దానిని పెంచిరి. 1947లో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థను రాజమహేంద్రవరములోనే స్థాపించుటనుబట్టి, ఈ ప్రాంతములో పొగాకుకు ఎంత గౌరవముండెనో గ్రహింపవచ్చును. ఈనె తీసి, ఆకు చుట్టి, నిప్పంటించుకొనుట మన తాతలకు గంజి త్రాగినంత సహజమైన పని.

ఆ చుట్టతో నిప్పు భయము కూడ వచ్చెను. ఇండ్లు తాటాకువి. నూర్పుల కాలములో కళ్లమంతయు ఎండుగడ్డి. వేసవి గాలిలో ఒక్క రవ్వ రాలినయెడల పేట అంతయు అంటుకొనును. కాబట్టి చుట్ట తాగువారు తమ జాగ్రత్తలు తాము నేర్చుకొనిరి. వారిలో మిక్కిలి జాగ్రత్తపరులు ఎవరనగా, మనకు ఉత్తరమున విశాఖపట్నం, శ్రీకాకుళం ప్రాంతముల స్త్రీలు. వారు చుట్టను తిప్పి, ముట్టించిన కొనను నోటిలోపల ఉంచుకొని తాగుదురు. దీనికే అడ్డపొగ అని పేరు. ఏల ఇట్లు అని అడిగినవారికి వారు చెప్పుకొను కారణములు తెలివిగలవే. గాలికి చుట్ట ఆరదు. బూడిద చంటిబిడ్డమీద రాలదు. రెండు చేతులు పనికి ఖాళీగా నుండును. ఇల్లు క్షేమము, బిడ్డ క్షేమము, పని క్షేమము.

అంగిలి మాత్రము కాలెను. డెన్మార్కు దేశపు దంతవైద్య పండితుడైన పిండ్‌బోర్గును, ఆయనతో కలిసి పనిచేసిన మన దేశపు పరిశోధకులును ఆంధ్రదేశములో 10,169 మంది గ్రామస్థులను పరీక్షించి, అడ్డపొగవలన అంగిలిమీద కలుగు మచ్చలను, పుండ్లను 1971లో లోకమునకు వివరించిరి. అంగిలికి కాన్సరు తగులుట ఇతర ప్రాంతములలో అరుదు. అడ్డపొగ తాగు పల్లెలలో అది వైద్యులెరిగిన వ్యాధి. ఆ తల్లులను అజాగ్రత్తపరులని ఎవడు అనగలడు? వారి జాగ్రత్త ఏ వైపు చూచెనో ఆ వైపు కాపాడెను. చూడని వైపున నిప్పు తన పని తాను చేసెను.

ఇక రెండవ చుట్ట. ఇది ఆకుతో చుట్టినది కాదు, తీగతో చుట్టినది. చైనా దేశములో హాన్ లిక్ అను ఔషధశాస్త్రజ్ఞుడు 2003లో కనిపెట్టిన ఎలక్ట్రానిక్ సిగరెట్టు దీనికి మూలము. నికోటిను కలిపిన తియ్యని ద్రవములో దూది తడిసియుండును. దూది చుట్టును సన్నని తీగ చుట్టబడి యుండును. దానినే వారు కాయిల్ అందురు. బ్యాటరీ కరెంటు తీగలో ప్రవహింపగా తీగ కాగును, ద్రవము ఆవిరియగును, ఆ ఆవిరిని పీల్చుదురు. సాధారణముగా అంగడిలో అమ్మునవాటిలో ఒక చిన్న ఎలక్ట్రానిక్ పలక ఉండును. కరెంటు మితిమీరినను, ఎక్కడైన షార్టు అయినను అది ఆపివేయును. కాని మెకానికల్ అని పేరుగల రకములో ఆ పలక లేదు. ఒక లోహపు గొట్టము, ఒక బ్యాటరీ, ఒక మీట, తాను స్వయముగా చుట్టుకొన్న కాయిల్, ఇంతే. మీట నొక్కిన క్షణమున బ్యాటరీలోని శక్తి అంతయు అడ్డులేక తీగమీదికి వచ్చును. కావలివాడు లేని తూము వంటిది.

దీనిని ఇష్టపడువారు మూర్ఖులని మేము తలంచుట లేదు. తీగ కొలిచి, చుట్లు లెక్కపెట్టి, మీటరుతో చూచుకొనుటలో చేతిపని తెలిసినవానికి ఒక ఆనందమున్నది. పాత రేడియోను విప్పి బిగించిన కుర్రవాని ఆనందమే అది. అయితే ఆ ఆనందము ఒక లెక్కమీద నిలిచియున్నది. నిండుగా చార్జి అయిన లిథియం బ్యాటరీ 4.2 వోల్టులు ఇచ్చును. వోల్టులను ఓములతో భాగింపగా వచ్చునది కరెంటు. కాయిల్ నిరోధము 0.5 ఓములైనయెడల 8.4 ఆంపియర్లు. 0.2 ఓములైనయెడల 21. అదే 0.1 ఓముకు దిగినయెడల 42. ఈ పనికి వాడు మంచి బ్యాటరీలలో అనేకములు ఏకధాటిగా 20, 25 ఆంపియర్లకంటె ఎక్కువ ఇయ్యలేనివి. అనగా తీగ కొద్దిగా లావైనను, చుట్లు రెండు తగ్గినను, లెక్క హద్దు దాటిపోవును. హద్దు దాటిన బ్యాటరీ లోపలినుండి కాగి, వాయువు వెడలగ్రక్కును. ఆ వాయువు పోవుటకు గొట్టమునకు రంధ్రములు లేనియెడల గొట్టమే బాంబగును. బ్యాటరీపై ప్లాస్టికు తొడుగు గోరంత చిరిగినను, లోహపు గొట్టమునకు తగిలి షార్టగును. విడి బ్యాటరీని ప్యాంటు జేబులో తాళపుచెవులతోను చిల్లరతోను వేసికొని తొడలు కాల్చుకొన్నవారు విదేశములలో పలువురున్నారు. 2018లో అమెరికాలోని ఫ్లోరిడాలో ఇటువంటి పలకలేని గొట్టము పేలి ఒకడు చనిపోయెను. మరుసటి సంవత్సరము టెక్సాసులో మరియొక పరికరము పేలి, దాని ముక్క మెడ నరమును తెంపగా, 24 సంవత్సరముల యువకుడు ప్రాణము విడిచెను.

మన దేశములో ఈ పరికరములన్నిటిని 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సుద్వారా, అదే సంవత్సరము డిసెంబరులో చట్టముద్వారా నిషేధించిరి. తయారీ, అమ్మకము, దిగుమతి, రవాణా, ప్రకటన, అన్నియు నేరములే. మొదటిసారి పట్టుబడినవానికి ఒక సంవత్సరమువరకు చెర, లక్ష రూపాయలవరకు జరిమానా, లేక రెండును. భాగములను కూర్చుటయు తయారీక్రిందికే వచ్చును. తాగుటను మాత్రము చట్టము నేరముగా పేర్కొనలేదు. కువైటునుండియో, దుబాయినుండియో తమ్మునికి కానుకగా పెట్టెలో పెట్టి తెచ్చు అన్నలు ఈ సంగతి తెలిసికొనుట మంచిది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. పైన మేము వ్రాసిన లెక్కలు చూచి, సంఘపత్రికలో ఇవి ఏల అని ఒక పెద్ద కోపగించుకొనవచ్చును. ఆయన భయము నిరాధారమైనది కాదు. జాగ్రత్త నేర్పుటను అనుమతి ఇచ్చుటగా వినుట యౌవనులకు అలవాటు. మరియొకరు దానికి ఎదురుగా, మానమన్నంత మాత్రమున మానువాడెవడు, చేతులు కాలకముందే చెప్పుట ప్రేమ కదా అందురు. మేము ఈ రెండవవారి పక్షమే. దానికి ఆధారము ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో ఉన్నదని మాకు తోచుచున్నది. కొత్త ఇల్లు కట్టువాడు మిద్దెకు పిట్టగోడ కట్టవలెనని అక్కడ ఆజ్ఞ. ఎవడైన పైనుండి పడి చచ్చినయెడల ఆ రక్తాపరాధము ఇంటిమీదికి వచ్చును. పడినవాడు పైకి ఏల ఎక్కెనని ధర్మశాస్త్రము అడుగుట లేదు. ధాన్యము ఆరబెట్టుటకు ఎక్కెనో, ప్రార్థనకు ఎక్కెనో, పొరుగింటివైపు తొంగిచూచుటకే ఎక్కెనో, పిట్టగోడ అందరికిని ఒకటే. మంచివానికి కట్టి చెడ్డవానికి కట్టకుండుట అనునది అందులో లేదు.

అయితే అదే మిద్దెమీద ఇంకొక సంగతి జరిగెను. దావీదు ఒక సాయంకాలము తన నగరి మిద్దెమీద నడుచుచుండెను. ఆయన నేలమీదికి పడలేదు. ఆయన పడిన పాటు వేరు. ఏ పిట్టగోడయు దానిని ఆపదు. ఓము లెక్కయు ఇట్టిదే. అది అరచేతిని, పెదవిని, దవడను కాపాడును. ఊపిరితిత్తులకు అది ఏమియు చేయదు. 2018లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, కాగిన కాయిల్‌నుండి సీసము, క్రోమియము, నికెలు వంటి లోహములు ఆవిరిలోనికి చేరుచున్నవని చూపిరి. తీగను ఎంత చక్కగా చుట్టినను నికోటిను మనస్సును కట్టివేయుట మానదు. ‘నేను జాగ్రత్తగానే వాడుచున్నాను’ అను యువకుడు అబద్ధమాడుట లేదు. అతడు అడ్డపొగ తాగిన అవ్వ చెప్పిన సత్యమునే చెప్పుచున్నాడు.

సిగరెట్టుకంటె ఇది మేలు గదా అను వాదమును మేము దాచము. లండనులోని రాయల్ కాలేజీ ఆఫ్ ఫిజీషియన్స్ అను వైద్యుల సంస్థ, ఈ ఆవిరివలన దీర్ఘకాలములో కలుగు కీడు పొగాకు పొగ కీడులో నూటికి 5 వంతులను మించుట సంభవము కాదని 2016లో తలంచినది. ముప్పది ఏండ్లు చుట్ట తాగి దగ్గుచున్న ముసలివాడు ఈ మాట అడిగినయెడల అది ఆలోచింపదగిన మాట. పదునెనిమిదేండ్లవాడు, ఎన్నడును ఏమియు తాగనివాడు దానిని నోట పట్టుకొనినయెడల, అతడు దేనితో పోల్చుకొనుచున్నాడు? అతని పోలిక సిగరెట్టుతో కాదు, మన పొలాలమీదినుండి వచ్చు గాలితో.

మేము అన్నిటికంటె గట్టిగా చెప్పగోరునది పీల్చువానితో కాదు, చుట్టి ఇచ్చువానితో. ప్రతి గుంపులోను చేయి తిరిగినవాడు ఒకడుండును. స్నేహితులు తమ గొట్టములను వానియొద్దకు తెత్తురు. మేఘమువలె ఆవిరి రావలెనని అడుగుదురు. వాడు నిరోధము తగ్గించి చుట్టి ఇచ్చును. వానికి మీటరున్నది, లెక్క తెలియును. పుచ్చుకొన్నవానికి బ్యాటరీ ఎన్ని ఆంపియర్లదో తెలియదు. పొడుచు ఎద్దును గూర్చిన విధి నిర్గమకాండము 21వ అధ్యాయములో చదువుడి. ఎద్దు మొదటిసారి పొడిచినప్పుడు యజమానునికి ఒక తీర్పు. అది పొడుచునదని తెలిసియు కట్టనివానికి వేరొక తీర్పు. తెలివి అక్కడ గొప్పతనముగా కాదు, అప్పుగా ఎంచబడుచున్నది. నీకు 42 ఆంపియర్లు అనగా ఏమో తెలిసినయెడల, తెలియనివాని చేతిలో దానిని పెట్టుటకు నీకు స్వేచ్ఛ లేదు. నీ సొంత ప్రాణమువిషయమై నీవు ఏమి వాదించుకొనినను, ఇందులో వాదమునకు చోటు లేదు.

కుమారుని సంచిలో ఇట్టి గొట్టము కనబడిన తల్లి ఏమి చేయవలెను? కొందరు తల్లులు దానిని కాలువలో విసరివేయుదురు, కొందరు కోపముతో పొయ్యిలో వేయుదురు. పొయ్యిలో వేయుట మిక్కిలి అపాయము. ఆ బ్యాటరీ పేలును. ముందు మీట నొక్కుకొనకుండ బ్యాటరీని బయటికి తీసి, రెండు కొనలకును టేపు అంటించి, లోహము తగులని చోట ఉంచవలెను. ద్రవపు సీసా మిఠాయివలె వాసన వేయును గనుక ఇంటిలోని చిన్నపిల్లలకు అందరాదు. అందులోని నికోటిను వారికి విషము. పిమ్మట వానిని కూర్చుండబెట్టి, కేకలు వేయకమునుపు, ‘అబ్బాయీ, ఇది ఎట్లు పనిచేయునో నాకు చూపు’ అని అడుగవలెను. వాడు చూపును; తన చేతిపని చూపుటకు ఇష్టపడనివాడెవడు? ఆ సంభాషణలోనే ఇది ఎప్పుడు మొదలైనదో, పొద్దున లేచిన ఎంతసేపటికి దానికొరకు చేయి చాచునో తెలియవచ్చును. లేచిన అరగంటలోపలనే చాచునని తెలిసినయెడల అలవాటు లోతుగా నాటుకొన్నదని అర్థము. అట్టివానికి బుద్ధిమాట ఒక్కటే చాలదు. పొగాకు మానగోరువారికి ప్రభుత్వము నడుపు ఉచిత టెలిఫోను 1800 11 2356. వానిచేతనే ఆ అంకెలు నొక్కించి, మాటలాడునంతసేపు మీరు ప్రక్కగదిలో ఉండుడి.