బొడ్లో తాళాల గుత్తి

మా పెంటపాడు వైపు ఎవరైనా ప్రతిదానికీ అడ్డుపడి, తన మాటే నెగ్గించుకుంటుంటే 'ఈవిడ పెత్తనం మరీ ఎక్కువైపోయిందండీ' అంటారు. తాను వంగకుండా పక్కవాళ్ళ చేత చాకిరీ చేయిస్తే అది కర్రపెత్తనం. ఇప్పుడు తిట్టులాగే వాడుతున్నాం గానీ పుట్టుకలో ఇది తిట్టు కాదు. పెద్దతనమే జనం నోట నలిగి పెత్తనమైంది. ఇంటి పెద్ద అంటే ఇంటి బరువు మోసేవాడు. మోయడం పోయి ఆడించడం మిగిలాక మాట చెడింది.

చిన్నప్పుడు మాకు తెలిసిన ఒకింట్లో అత్తగారి బొడ్లో ఎప్పుడూ తాళాల గుత్తి ఉండేది. కోడలు కాపరానికొచ్చి ఇరవై ఏళ్ళు, ఇద్దరు పిల్లల తల్లి. అయినా బియ్యానికి కొట్టుగది తలుపు తీయాలంటే ఆవిడే రావాలి. 'అత్తయ్యగారూ, ఇవాళ మానెడు చాలాండీ?' అని అడిగి, ఖాళీ గిన్నెతో గుమ్మం దగ్గర నిలబడేది. అత్తగారు చెడ్డమనిషి కాదు. ఆకలితో వచ్చినవాళ్ళని ఉత్త చేతులతో పంపి ఎరగదు. తను చూసుకోకపోతే ఇల్లు ఏమైపోతుందోనని భయం, అంతే. ఆ భయాన్నే ప్రేమ అనుకుంది. మనలో చాలామందిమి అంతే.

బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు ఉద్దాలకుడికి అంతర్యామి గురించి చెబుతాడు. లోపల ఉండేవాడు అని మనం సరిపెట్టుకుంటాం. కానీ ఆ మాటలో అదుపు చేయడమనే అర్థం ఉంది. లోపల ఉండి నడిపించేవాడు అంతర్యామి. భూమిలోనూ నీటిలోనూ ఉండి నడిపిస్తాడు, వాటికి ఆ సంగతే తెలియదు. లోకమంతటి మీదా నిజమైన పెత్తనం ఉన్న ఆ ఒక్కడి చెయ్యి ఎవరికీ బరువుగా తగలదు. గీతలో నేనే ఈశ్వరుణ్ణని విర్రవీగడాన్ని పదహారో అధ్యాయం అసుర స్వభావంలో చేర్చింది. అలా అన్న కృష్ణుడే చెప్పాల్సిందంతా చెప్పి, చివరి అధ్యాయంలో అర్జునుడితో బాగా ఆలోచించుకుని నీకు తోచినట్టు చెయ్యమన్నాడు. ఎదుట యుద్ధం, చేతిలో పగ్గాలు. అంతటి వేళా నిర్ణయం మాత్రం అర్జునుడికే వదిలాడు. నాకు గీత మొత్తంలో కళ్ళు చెమర్చే చోటు అదే.

మనుషుల మీదే కాదు, నీటి మీదా పెత్తనం చేస్తాం. కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ తల్లి కొలువుంది. పేరులోనే పెద్దరికం. ఆ తల్లి చుట్టూ ఉన్న కొల్లేరు సరస్సు బుడమేరు, తమ్మిలేరు నీళ్ళని చేర్చుకుని ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పంపేస్తుంది. ఆ నీటి మీద పెత్తనానికి దిగి మనం చేపల చెరువులకి గట్లు పోశాం. 2006లో సరస్సు లోపలికి చొచ్చిన గట్లని ప్రభుత్వమే తవ్వించాల్సి వచ్చింది.

ఇవాళ బొడ్లో తాళాలు కనిపించవు. కోడలి జీతం పడే ఏటీఎం కార్డు అత్తగారి బీరువాలో ఉంటుంది. భార్య ఫోను రాత్రిపూట భర్త చేతిలో ఉంటుంది. పెళ్ళీడుకొచ్చిన కూతురి సర్టిఫికెట్లు నాన్నగారి పెట్టెలో ఉంటాయి. మీ ఇంట్లో అలాంటిదేమన్నా ఉంటే, సాయంత్రం దీపం పెట్టే ముందు తీసి, ఎవరిది వాళ్ళ చేతిలో పెట్టండి.